తన ఓటమిని రాసిపెట్టిన వైద్యుడు జహ్రావీ

మదరసాలో అరబీ నేర్చుకునే రోజుల్లో మేము సర్తాన్ అనే మాటకు ఎండ్రకాయ అని అర్థం రాసుకున్నాము. రాశుల్లో కర్కాటకానికీ అదే పేరు. ఆ మాటే ఒక జబ్బు పేరు కూడా అన్న సంగతి, ఇంట్లో పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నప్పుడు తెలిసింది. ఉర్దూలో సర్తాన్, మన తెలుగు పెద్దల నోట రాచపుండు, నేడు అందరి నోటా క్యాన్సర్. గ్రీకులు, రోమన్లు కూడా ఈ జబ్బుకు ఎండ్రకాయ పేరే పెట్టారు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్లలా కనిపించడమే అందుకు కారణమని పాత వైద్యులు చెప్పేవారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో పేరెత్తడానికి జంకే ఈ జబ్బును గురించి, వెయ్యేళ్ల క్రితమే దాపరికం లేకుండా రాసిన ఒక ముస్లిం వైద్యుని జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ. ఐరోపా వారు అబుల్‌కాసిస్ అని పిలుచుకున్నారు. పేరు చివర అన్సారీ అని కూడా ఉంటుంది. మక్కా నుండి వలస వచ్చిన దైవప్రవక్త (స)కు, ఆయన సహచరులకు మదీనాలో ఆశ్రయమిచ్చిన అన్సార్ల వంశమన్నమాట. ఇక జహ్రావీ అన్నది ఊరిని బట్టి వచ్చిన పేరు. నేటి స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరానికి పడమట, కొద్ది మైళ్ల దూరంలో, ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో మదీనతుజ్జహ్రా అనే రాజనగరానికి పునాది వేశాడు. జహ్రావీ పుట్టింది ఆ ఊళ్లోనే, ఇంచుమించు ఆ కాలంలోనే అంటారు. ఆయన బాల్యం గురించి, గురువుల గురించి చరిత్రకారులు మిగిల్చింది చాలా తక్కువ. ఆయన్ను తెలుసుకోవాలంటే ఆయన గ్రంథమే దిక్కు.

ఆ గ్రంథం పేరు అత్తస్‌రీఫ్. సుమారు వెయ్యవ సంవత్సరంలో పూర్తయింది. మొత్తం 30 భాగాలు. వాటిలో ఎక్కువ భాగం మందుల తయారీ గురించే. చివరి భాగం మాత్రం శస్త్రవైద్యం. కాల్చి చేసే వైద్యం, కోసి చేసే వైద్యం, ఎముకలు కట్టే వైద్యం అందులో వరసగా ఉన్నాయి. సుమారు 200 పరికరాల బొమ్మలు కూడా ఉన్నాయి. శిష్యులను ఆయన బిడ్డలుగా సంబోధిస్తూ రాశారు.

మన పత్రికల్లో జహ్రావీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ 200 పరికరాల లెక్కే గొప్పగా చెప్పుకుంటాము. మేమూ లోగడ అలాగే చెప్పినవాళ్లమే. కాని శస్త్రవైద్య భాగం మొదట్లో ఆయన ఎత్తుకున్నది గొప్పలు కాదు, ఒక మరణం.

ఒక స్త్రీకి మెడ మీద గడ్డలు లేచాయి. శరీర నిర్మాణం తెలియని ఒక వైద్యుడు వాటిని కోయబోయి మెడలోని ధమనులను తెగ్గొట్టాడు. రక్తం ఆగలేదు. ఆమె అతని చేతుల్లోనే ప్రాణం విడిచింది. జహ్రావీ ఇది కళ్లారా చూశారు. ఆ వైద్యుడి పేరు రాయలేదు. శరీరం లోపల ఏది ఎక్కడ ఉందో నేర్వకుండా కత్తి పట్టరాదని శిష్యులకు హెచ్చరించడానికే ఆ సంగతి రాశారు. తన దేశంలో శస్త్రవైద్యం తెలిసినవారే కరువయ్యారన్న బాధ ఆ పుటల్లో కనిపిస్తుంది.

ఆ మెడ గడ్డలకు అరబీ వైద్యంలో ఖనాజీర్ అని పేరు. మాట వినడానికి మనకు ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే అది పందులు అనే మాట. లాటిన్‌లో దీనికున్న పేరు కూడా ఆ జంతువు నుండి వచ్చిందే. మన దేశంలో మాత్రం పూసలదండలా మెడ చుట్టూ లేస్తాయి గనుక గండమాల అన్నారు. ఉర్దూ హకీములు కంఠమాల అంటారు. ఈ గడ్డలు ఎక్కువగా మెడలోనూ, చంకల్లోనూ, గజ్జల్లోనూ, అప్పుడప్పుడు మిగతా చోట్లా వస్తాయని జహ్రావీ రాశారు. నేటి వైద్య విద్యార్థి ఈ వాక్యం చదివితే ఆశ్చర్యపోతాడు. అవి సరిగ్గా శోషరస గ్రంథులు గుంపులుగా ఉండే చోట్లు.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టిందని మన అమ్మలు అంటారు. ఆ బిళ్లే శోషరస గ్రంథి. శరీరమంతటా ఇలాంటివి కొన్ని వందలున్నాయి. రక్తనాళాల నుండి ఊరిన నీరు శోషరసంగా సన్నని నాళాల్లో ప్రవహిస్తూ ఈ గ్రంథుల గుండా వడపోతకు వస్తుంది. అక్కడ తెల్లరక్తకణాలు కాపలా ఉంటాయి. రోగనిరోధక శక్తి అని తెలుగులో, ఖువ్వతె ముదాఫిఅత్ అని ఉర్దూలో అనే బలగానికి ఇవి ఠాణాల వంటివి. క్రిమి వస్తే గ్రంథి వాస్తుంది. గండమాల చాలావరకు ఈ గ్రంథులకు పట్టిన క్షయ అని ఇప్పుడు తెలుసు, దానికి మందులున్నాయి. జహ్రావీకి ఈ నాళాల సంగతి తెలిసే అవకాశమే లేదు. ఇటలీలో అసెల్లీ 1622లో పేగుల దగ్గర వాటిని చూశాడు. మిగతా శరీరంలో వాటి దారులు 1650ల నాటికి గాని బయటపడలేదు. అయినా వేళ్లతో తడిమి, కళ్లతో చూసి జహ్రావీ చోట్లు గుర్తించారు. కోయవలసి వస్తే నరమూ ధమనీ తెగకుండా కొద్దికొద్దిగా విడదీయమన్నారు.

ఇక సర్తాన్ అధ్యాయం. అది చిన్నదే. గడ్డ ఇంకా మొదటి దశలో, చిన్నదిగా ఉండి, రొమ్ము, తొడ వంటి పూర్తిగా తీసివేయగల చోట ఉంటే కోయాలి. కొక్కేలతో పట్టి, చుట్టూ ఉన్న చర్మంతో సహా, వేరు మిగలకుండా తీయాలి. రక్తాన్ని వెంటనే ఆపరాదు, ధమని తెగి ధారకడితే కాల్చి ఆపాలి. గడ్డ పాతదై పెద్దదైతే దాని దరికి పోరాదు. ఎందుకంటే అలాంటి దాన్ని తాను ఎన్నడూ నయం చేయలేకపోయానని, తనకు ముందు చేయగలిగినవారినీ చూడలేదని జహ్రావీ రాసిపెట్టారు.

మేము ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాము. రాజాస్థానంలో కొలువు చేశాడని చెప్పుకునే వైద్యుడు, తన పేరు నిలబెట్టవలసిన గ్రంథంలో ఈ మాట రాయకపోయినా అడిగేవారు లేరు. జబ్బుకు మూలం సౌదా, అంటే నల్లపిత్తం అని ఆయన నమ్మారు. అది ఆ కాలపు వైద్యులందరి నమ్మకం, నేడు నిలవలేదు. కాని ముందుగా పట్టుకుంటేనే కత్తికి ఫలితముందన్న ఆయన అనుభవం నిలిచింది. కారణం ఇప్పుడు తెలుసు. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ కణాలు శోషరస నాళాల దారిన తరచుగా మొదట చేరేది చంకలోని గ్రంథులకే. అక్కడి నుండి, రక్తం దారిన కూడా, దూరపు అవయవాలకు పోతాయి. అప్పుడు రొమ్ములోని గడ్డను వేరుతో తీసినా లాభం తక్కువ. మొదట్లోనే చూపించుకున్నవారిలో చాలామంది నేడు బతికి బట్టకడుతున్నారు.

ఆలస్యానికి మన ఇళ్లలో సిగ్గు ఒక కారణం. గడ్డ తగులుతున్నా తల్లికి కూడా చెప్పని ఆడపిల్లలు, నొప్పి లేదు కదా అని ఏడాది గడిపే అమ్మలు ఉన్నారు. నొప్పి లేకపోవడం ధైర్యం ఇచ్చే సంగతి కాదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. జహ్రావీకి ఈ సిగ్గు తెలియనిది కాదు. స్త్రీల మూత్రాశయంలో రాయి తీసే సందర్భంలో, మర్యాదగల స్త్రీ పరాయి మగవాడి ముందు శరీరం చూపలేదు గనుక నేర్పరి అయిన స్త్రీ వైద్యురాలిని వెతకమన్నారు. దొరక్కపోతే మంత్రసానిని పక్కన పెట్టుకుని, ఆమె చేత పరీక్ష చేయించి వైద్యం సాగించమన్నారు. వైద్యం మానుకోమని మాత్రం అనలేదు. హయాను కాపాడుతూనే ప్రాణాన్ని కాపాడే దారి వెతికారు.

జహ్రావీ చివరి రోజులు కల్లోలంలో గడిచాయి. 1009లో ఖిలాఫత్‌లో అంతర్యుద్ధం మొదలై, ఆయన పుట్టిన నగరం దోపిడీకి గురై పాడుబడింది. దాని శిథిలాలను 1911 నుండి తవ్వి తీస్తున్నారు. ఆయన హిజ్రీ 400 తరువాత, బహుశా 1013లో కన్నుమూశారు. గ్రంథం మాత్రం బయటపడింది. 12వ శతాబ్దంలో తులైతులా నగరంలో జెరార్డ్ అనే పండితుడు శస్త్రవైద్య భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. 1465లో అది తుర్కీలోకి వెళ్లింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ మూలం లాటిన్‌తో కలిపి అచ్చయింది. మన దేశంలో 1908లో లక్నోలో అచ్చు వేశారు. పరికరాల బొమ్మలతో పాటు, ఆ స్త్రీ మరణమూ, సర్తాన్ ముందు ఆయన ఒప్పుకున్న ఓటమీ ఆ భాషలన్నిటిలోకీ ప్రయాణించాయి.