ఫ్రాన్సిస్ గాల్టన్

సర్ ఫ్రాన్సిస్ గాల్టన్ (ఫిబ్రవరి 16, 1822 - జనవరి 17, 1911) ఇంగ్లాండు దేశానికి చెందిన శాస్త్రవేత్త, యాత్రికుడు, గణాంక శాస్త్రజ్ఞుడు. గణాంక శాస్త్రములో ప్రతిగమనము, సహసంబంధము అనే రెండు ముఖ్య భావనలకు ఈయన ఆద్యుడు. రెండు రాశులను కొలిచి, ఒకదాని విలువ తెలిసినప్పుడు రెండవదాని విలువను ఒక సరళరేఖ సాయముతో అంచనా కట్టే రేఖీయ ప్రతిగమన పద్ధతికి ఆ పేరు ఈయన పరిశోధనల నుండే వచ్చింది. వాతావరణ పటములు, వేలిముద్రల వర్గీకరణ మొదలగు రంగములలో కూడా కృషి చేశాడు. మానవ జాతిని ఎంపిక ద్వారా మెరుగుపరచాలనే సుజననశాస్త్రమునకు పేరు పెట్టినవాడు కూడా ఈయనే కావడము వలన ఈయన కీర్తికి మాయని మచ్చ ఏర్పడినది.

కుటుంబము, బాల్యము

గాల్టన్ బర్మింగ్‌హామ్ సమీపములోని స్పార్క్‌బ్రూక్‌లో జన్మించాడు. తండ్రి శామ్యూల్ టెర్షియస్ గాల్టన్ బ్యాంకు యజమాని. తల్లి ఫ్రాన్సెస్ ఆన్ వయొలెట్టా, ప్రఖ్యాత వైద్యుడు, కవి అయిన ఎరాస్మస్ డార్విన్ కుమార్తె. పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్‌కు ఎరాస్మస్ తండ్రివైపు తాత. ఆ విధముగా డార్విన్, గాల్టన్‌కు మేనమామ కొడుకు. మన వరుసలలో చెప్పాలంటే బావ. అయితే గాల్టన్ తల్లి, డార్విన్ తండ్రి ఎరాస్మస్ యొక్క వేర్వేరు భార్యల సంతానము. గాల్టన్ పూర్వీకులు శాంతిని బోధించే క్వేకర్ శాఖకు చెందినవారైనా తుపాకుల తయారీలో ధనము గడించడము ఒక విశేషము.

తోబుట్టువులలో గాల్టన్ అందరికన్నా చిన్నవాడు. అక్క అడెల్ వద్ద చాలా చిన్న వయసులోనే చదవడము నేర్చుకున్నాడు. తల్లిదండ్రుల కోరికపై బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలోను, లండన్ కింగ్స్ కళాశాలలోను వైద్యవిద్య అభ్యసించి, 1840లో గణితము కొరకు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. అక్కడ తీవ్రమైన మానసిక అలసటకు గురియై ఉన్నత శ్రేణి పరీక్షకు కూర్చోలేక 1844లో సాధారణ పట్టముతో బయటపడ్డాడు. అదే సంవత్సరము తండ్రి మరణించడముతో పెద్ద ఆస్తి చేతికి వచ్చింది. ఆ తరువాత జీవనోపాధి కొరకు ఏ ఉద్యోగము చేయవలసిన అవసరము ఈయనకు కలుగలేదు. గణితములో తన శక్తి పరిమితమని ఈయనకు తెలుసు. అందుచేతనే కఠినమైన గణితము అవసరమైనప్పుడు ఇతరులను ఆశ్రయించడానికి సంకోచించలేదు.

యాత్రలు

1845-46లో ఈజిప్టు, సూడాన్ ప్రాంతములలో తిరిగాడు. 1850 నుండి 1852 వరకు నేటి నమీబియా ప్రాంతములో పర్యటించి, అక్షాంశ రేఖాంశములను జాగ్రత్తగా నమోదు చేసి, రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణ పతకము పొందాడు. కొలవడము ఈయనకు ఒక వ్యసనము వంటిది. ఆఫ్రికాలో ఒక నామా స్త్రీ దేహ కొలతలను దూరము నుండి సెక్స్‌టాంట్ పరికరముతో, ఆమెకు తెలియకుండానే లెక్కగట్టి, ఆ విషయమును తన పుస్తకములో సరదాగా వ్రాసుకున్నాడు. మనుషులను వారి అనుమతితో నిమిత్తము లేని కొలత వస్తువులుగా చూసే ఈ ధోరణి ఈయన తరువాతి జీవితములో కూడా కనబడుతుంది.

1853లో లూయిసా బట్లర్‌ను వివాహమాడాడు. వీరికి సంతానము లేదు. 1860లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికైనాడు. 1863లో ప్రచురించిన గ్రంథములో అధిక పీడన వాతావరణ మండలముల స్వరూపమును వర్ణించి, వాటికి నేటికీ వాడుకలో ఉన్న యాంటీసైక్లోన్ అనే పేరు పెట్టాడు. 1875 ఏప్రిల్ 1న టైమ్స్ పత్రికలో వచ్చిన వాతావరణ పటము ఈయన తయారు చేసినదే.

అనువంశికత వైపు

1859లో వెలువడిన డార్విన్ గ్రంథము గాల్టన్ దృష్టిని అనువంశికత వైపు మళ్ళించింది. ప్రతిభ కుటుంబములలో వారసత్వముగా వస్తుందని వాదిస్తూ 1869లో ఒక గ్రంథము ప్రచురించాడు. న్యాయమూర్తుల, సేనానుల, కవుల బంధువులలో పేరుపొందినవారు ఎక్కువగా ఉన్నారని ఇందులో లెక్కలు చూపాడు. ధనము, పలుకుబడి, విద్యావకాశములు కూడా అవే కుటుంబములలో వారసత్వముగా వస్తాయన్న సంగతికి తగిన విలువ ఇవ్వలేదు. జాతులను ప్రతిభ ప్రకారము మెట్లుమెట్లుగా పేర్చిన అధ్యాయము కూడా ఈ గ్రంథములో ఉన్నది. దానికి శాస్త్రీయమైన ఆధారము లేదు.

బఠానీ గింజల ప్రయోగము

తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు ఎంతవరకు సంక్రమిస్తాయో కొలవాలని గాల్టన్ సంకల్పించాడు. మనుషుల వివరములు సులభముగా దొరకవు కనుక మొదట మొక్కలను ఎన్నుకున్నాడు. బఠానీ కుటుంబమునకు చెందిన స్వీట్ పీ అనే పూలమొక్క ఇందుకు అనుకూలముగా కనిపించింది. ఇది తనలో తానే పరాగ సంపర్కము జరుపుకుంటుంది కనుక తల్లి మొక్క ఒక్కదానినే లెక్కలోకి తీసుకుంటే చాలు. గాలిలోని తేమను బట్టి గింజ బరువు అంతగా మారదు. కాయ చివరనున్న గింజ కూడా మిగిలిన వాటంత పరిమాణములోనే ఉంటుంది.

గింజలను తూచి, బరువును బట్టి ఏడు తరగతులుగా విడదీసి, ఆంగ్ల అక్షరములలో కె నుండి క్యూ వరకు గుర్తులు పెట్టాడు. ఒక్కొక్క తరగతి నుండి పది గింజలు ఒక పొట్లము చొప్పున, ఏడు పొట్లములను ఒక్కొక్క మిత్రునికి పంపాడు. ఆ మిత్రులలో డార్విన్ కూడా ఒకడు. గింజలను ఎలా నాటాలో, కాయలను ఎలా కోసి భద్రపరచాలో వివరముగా వ్రాసి ఇచ్చాడు. 1874లో చేసిన తొలి ప్రయత్నము విఫలమైనది. 1875లో తొమ్మిది మందికి పంపగా ఏడుగురి పంట చేతికి వచ్చింది. అంటే 490 గింజల సంతానము.

ఫలితము ఈ విధముగా ఉన్నది. పెద్ద గింజల సంతానము సగటున సాధారణ గింజల కంటె పెద్దవే, కాని తల్లి గింజలంత పెద్దవి కావు. చిన్న గింజల సంతానము చిన్నవే, కాని తల్లి గింజలంత చిన్నవి కావు. తల్లి గింజ పరిమాణమును అడ్డముగాను, పిల్ల గింజల సగటును నిలువుగాను గుర్తించి చూడగా ఆ బిందువులు దాదాపు ఒక సరళరేఖపై పడ్డాయి. ఆ రేఖ వాలు సుమారు మూడింట ఒక వంతు. అంటే తల్లి గింజ సగటు కంటె మూడు పాళ్ళు పెద్దదైతే పిల్ల గింజలు సగటున ఒక పాలు మాత్రమే పెద్దవి. 1877 ఫిబ్రవరి 9న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇచ్చిన ఉపన్యాసములో ఈ ఫలితమును వెల్లడించాడు. అప్పటికి దీనిని రివర్షన్ అని పిలిచాడు. ఆ తరువాత రిగ్రెషన్ అని మార్చాడు. వెనుకకు మరలడము అని దీని అర్థము. తెలుగు పాఠ్యపుస్తకములలోని ప్రతిగమనము అనే మాట దీనికి సమానార్థకము. సహసంబంధ గుణకమునకు నేటికీ వాడే ఆర్ అనే అక్షరము ఈ పదముల మొదటి అక్షరమే.

ఈ పరిశోధనలో గాల్టన్ కనిష్ఠ వర్గాల పద్ధతిని వాడలేదు. ఆ పద్ధతిని ఖగోళ గణనల కొరకు లెజాండర్ 1805లోను, గౌస్ 1809లోను అప్పటికే ప్రచురించారు. గాల్టన్ తన బిందువుల మధ్య రేఖను కంటి అంచనాతో గీశాడు. ఖగోళ శాస్త్రజ్ఞులకు రేఖ నుండి తొలగిన భాగము కేవలము కొలతలోని పొరపాటు. గాల్టన్‌కు ఆ వైవిధ్యమే అసలు విషయము. పద్ధతి పాతదైనా ప్రశ్న కొత్తది.

తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు

మనుషుల వివరములు సేకరించడానికి 1884లో రెండు మార్గములు అవలంబించాడు. లండన్‌లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో ఒక కొలతల శాల తెరిచాడు. మూడు పెన్నీలు చెల్లించి 9,337 మంది తమ ఎత్తు, బరువు, ఊపిరి, చూపు, పిడికిలి బలము మొదలైనవి కొలిపించుకున్నారు. కొలిపించుకోవడానికి జనమే ఎదురు రుసుము చెల్లించడము గమనార్హము. రెండవది, కుటుంబ వివరములు పంపినవారికి మొత్తము 500 పౌండ్ల బహుమతులు ప్రకటించడము. ఆ విధముగా 205 దంపతుల, వారి 928 మంది ఎదిగిన సంతానము యొక్క ఎత్తులు లభించాయి.

స్త్రీలు సగటున పురుషుల కంటె పొట్టివారు కనుక ప్రతి స్త్రీ ఎత్తును 1.08తో గుణించి పురుషుల ఎత్తులతో సమము చేశాడు. పిమ్మట తల్లి, తండ్రి ఎత్తుల సగటు తీసి దానిని మధ్య జనకుని ఎత్తు అన్నాడు. అందరి ఎత్తుల మధ్యగతము 68¼ అంగుళములు. మధ్య జనకుడు దీనికంటె 3 అంగుళములు ఎత్తైతే, పిల్లలు సగటున 2 అంగుళములే ఎత్తు. అంటే 71¼ అంగుళముల వారి సంతానము సగటున 70¼ అంగుళములు. ఇక్కడ రేఖ వాలు మూడింట రెండు వంతులు.

ఇదే లెక్కను తిరగవేస్తే ఏమవుతుంది? విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడనే. 2 అంగుళములు ఎత్తైన పిల్లల తల్లిదండ్రులు 3 అంగుళములు ఎత్తుగా ఉంటారని తోస్తుంది. కాని గాల్టన్ పట్టికలో అలా లేదు. సగటు కంటె 3 అంగుళములు ఎత్తైన పిల్లలను ఎంచి చూస్తే వారి మధ్య జనకుల ఎత్తు సగటు కంటె ఒక్క అంగుళమే ఎక్కువ. అంటే ఒకే పట్టికలో రెండు రేఖలు ఉన్నాయి. దేనిని ఆధారముగా తీసుకొని దేనిని అంచనా కడుతున్నామన్నదానిని బట్టి రేఖ మారుతుంది. ఒక రేఖ సమీకరణమును తలక్రిందులు చేస్తే రెండవ రేఖ రాదు.

పట్టికలోని పక్కపక్క గడుల సంఖ్యలను కలిపి నునుపు చేసి, సమాన సంఖ్యలున్న చోట్లను కలిపినప్పుడు ఒకే కేంద్రము గల దీర్ఘవృత్తములు ఏర్పడడము గాల్టన్ గమనించాడు. వీటి గణితమును తేల్చమని మనుషుల ఎత్తుల ప్రసక్తి లేకుండా, శుద్ధ గణిత సమస్యగా మార్చి, కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హామిల్టన్ డిక్సన్‌ను కోరాడు. వచ్చిన సమాధానము పట్టికతో చక్కగా సరిపోయింది. ఈ పరిశోధనను 1885లో ఆబర్డీన్ నగరములో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశములో వివరించి, 1886లో ప్రచురించాడు.

ప్రతిగమనము వలన తరతరానికి అందరూ ఒకే ఎత్తుకు చేరుకుంటారా అన్న సందేహము సహజము. అలా జరుగదు. రేఖ చెప్పేది సగటు మాత్రమే. ఆ రేఖకు ఇరువైపులా సంతానము చెదరి ఉంటుంది. సగటు వైపు కుదింపును ఈ చెదురుడు భర్తీ చేయడము వలన ఎత్తులలోని వైవిధ్యము ప్రతి తరములోను ఇంచుమించు ఒకే విధముగా నిలుస్తుంది. ఇది గాల్టన్ గ్రహించాడు. కాని వెనుకకు లాగేది పూర్వీకుల వారసత్వమనే ఒక శక్తి అని కూడా భావించి, చిన్న చిన్న మార్పుల ఎంపికతో కొత్త జాతులు ఏర్పడజాలవని తలచాడు. ఇక్కడ ఈయన తన రేఖకు అది మోయలేని అర్థమును కట్టబెట్టాడనే చెప్పాలి. పిల్లల నుండి తల్లిదండ్రుల వైపు చూసినా ప్రతిగమనము కనబడుతున్నది కదా. పిల్లల వారసత్వము తల్లిదండ్రులను వెనుకకు లాగదు. సంబంధము సంపూర్ణము కాని ఏ రెండు రాశులను ప్రామాణిక కొలతలతో పోల్చినా ఇది కనబడి తీరుతుంది. ఈ పొరపాటు గాల్టన్‌తో ఆగలేదు. 1933లో అమెరికాకు చెందిన హొరేస్ సెక్రిస్ట్, వ్యాపార సంస్థలన్నీ క్రమముగా మధ్యస్థ స్థితికి దిగుతున్నాయని పెద్ద గ్రంథము వ్రాయగా, అది ప్రతిగమనము తప్ప మరేమీ కాదని గణాంక శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ హోటలింగ్ ఎత్తి చూపాడు.

సహసంబంధము

1888లో గాల్టన్ మరొక మెట్టు ఎక్కాడు. మనిషి ఎత్తు, ముంజేతి పొడవు వంటి వేర్వేరు అవయవముల కొలతలను పోల్చేటప్పుడు వాటి వ్యాప్తి వేరువేరుగా ఉండడము వలన రెండు రేఖల వాలులు పొసగవు. ఒక్కొక్క కొలతను దాని స్వంత వ్యాప్తితో భాగిస్తే రెండు వాలులూ ఒకే సంఖ్య అవుతాయి. ఆ సంఖ్యయే రెండింటి మధ్య సంబంధ బలమునకు కొలత. ఎత్తుకు, ముంజేతికి అది 0.8 అని తేల్చాడు. 1889లో వెలువడిన ఈయన గ్రంథము కార్ల్ పియర్సన్, వెల్డన్ వంటి యువకులను ఈ శాస్త్రము వైపు ఆకర్షించింది. 1896లో పియర్సన్ సహసంబంధ గుణకమునకు నేటి సూత్రమును ఇచ్చాడు. 1897లో యూల్ ప్రతిగమన రేఖను కనిష్ఠ వర్గాల పద్ధతితో ముడివేశాడు. నేడు ప్రయోగశాలలలో కంప్యూటరు గీసే రేఖ ఈ కలయిక నుండి వచ్చినదే.

ఇతర కృషి

1892లో వేలిముద్రలపై గ్రంథము ప్రచురించి, అవి జీవితాంతము మారవని నిరూపించడానికి బెంగాల్‌లో విలియం హెర్షెల్ సేకరించిన ముద్రలను ఉపయోగించుకున్నాడు. 1907లో నేచర్ పత్రికలో వ్రాసిన చిన్న వ్యాసము కూడా ప్రసిద్ధము. ప్లిమత్ పట్టణపు సంతలో ఒక ఎద్దు మాంసము బరువుపై 787 మంది కట్టిన అంచనాల మధ్యగతము 1,207 పౌండ్లు కాగా అసలు బరువు 1,198 పౌండ్లు. సామాన్య జనుల తీర్పుపై ఈయనకు అంతగా నమ్మకము ఉండేది కాదు. అయినప్పటికీ వచ్చిన ఫలితమును దాచకుండా ప్రచురించాడు.

సుజననశాస్త్రము

ఈ పదమును గాల్టన్ 1883లో సృష్టించాడు. యోగ్యులని తాను భావించిన వారు ఎక్కువ సంతానమును కనాలని, అయోగ్యుల సంతానమును తగ్గించాలని చివరి వరకు ప్రచారము చేశాడు. యోగ్యత ఏమిటో, దానిని నిర్ణయించేది ఎవరో అన్న ప్రశ్నలకు ఈయన రచనలలో తృప్తికరమైన సమాధానము లేదు. ఎత్తును అంగుళములలో కొలిచినంత జాగ్రత్త ఇక్కడ కనబడదు. ఈయన మరణానంతరము అమెరికాలోని అనేక రాష్ట్రములలో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. 1933లో జర్మనీలో నాజీ ప్రభుత్వము అటువంటి చట్టమునే చేసి, తరువాత సామూహిక హత్యలకు పాల్పడింది. వీటిని గాల్టన్ చూడలేదు. అయినా వీటికి మూలమైన భావజాలమునకు పేరు, గౌరవము సంపాదించి పెట్టినవాడు ఈయనే.

చివరి దినములు

భార్య 1897లో మరణించింది. 1909లో సర్ బిరుదు, 1910లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకము లభించాయి. 1911 జనవరి 17న సర్రే ప్రాంతములోని హేసిల్‌మియర్‌లో మరణించాడు. క్లావర్డన్ గ్రామములోని కుటుంబ సమాధుల వద్ద ఖననము చేశారు. లండన్ యూనివర్సిటీ కళాశాలలో సుజననశాస్త్ర పీఠము నెలకొల్పడానికి సుమారు 45,000 పౌండ్లు వ్రాసి ఇచ్చాడు. ఆ పీఠములో తొలి ఆచార్యుడు కార్ల్ పియర్సన్. 2020లో ఆ కళాశాల తన ఉపన్యాస మందిరమునకు ఉన్న గాల్టన్ పేరును తొలగించింది.

భారతదేశములో

గాల్టన్, పియర్సన్, వెల్డన్‌ల ఆధ్వర్యములో 1901లో ప్రారంభమైన బయోమెట్రికా పత్రిక సంపుటములను కేంబ్రిడ్జిలో చదువుతుండగా చూసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ వాటిని స్వదేశమునకు తెచ్చుకున్నాడు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో అక్కడ చేరి, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి సంయుక్త రాష్ట్రముల ప్రజల దేహ కొలతలను విశ్లేషించాడు. ఆ పరిశోధన 1949లో సాంఖ్య పత్రికలో వెలువడినది.