వేడికి లెక్క కట్టిన దర్జీ కొడుకు – జోసెఫ్ ఫోరియర్



మన హాస్టల్ వంటగదిలో ఉడుకుతున్న పప్పులో వదిలేసిన ఇనుప గరిటెను ఎప్పుడైనా పట్టుకున్నారా? వేడి తగిలేది ఒక కొసకే. కాసేపటికి రెండో కొస కూడా చేయి కాలుస్తుంది. ఆ వేడి ఎంతసేపట్లో ఎంత దూరం పాకుతుందో లెక్క కట్టే దారి చూపిన మహనీయుడు జోసెఫ్ ఫోరియర్.

ఆయన 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లోని ఓసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట జన్మించారు. పదేళ్ల వయసుకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. ఇతరుల సాయంతో ఆ ఊరి సైనిక పాఠశాలలో చదివి గణితంలో అందరినీ మించిపోయారు. అయినా గొప్ప వంశంలో పుట్టలేదన్న కారణంతో సైన్యంలోని ఫిరంగి దళంలో ఆయనకు చోటు దొరకలేదు. నిరాశపడకుండా చదువు చెబుతూ, చదువుకుంటూ ఎదిగారు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లి వచ్చారు. ఆ తరువాత గ్రెనోబుల్‌లో ప్రిఫెక్ట్‌గా, అంటే మన కలెక్టర్ వంటి ఉద్యోగంలో ఉంటూనే వేడి మీద పరిశోధన చేశారు.

వేడి అంటే ఒక ద్రవమా, లేక కదలికా అని అప్పటి పండితులు వాదించుకునేవారు. ఫోరియర్ ఆ వాదనలోకి దిగలేదు. అది ఎలా ప్రవహిస్తుందో మాత్రమే చూశారు. పక్కపక్క చోట్ల ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత జోరుగా పారుతుంది. ఈ ఒక్క నియమంతో సమీకరణం రాశారు. ఇనుప కడియాన్ని వేడిచేసి, థర్మామీటర్లతో కొలిచి, తన లెక్కతో సరిచూసుకున్నారు. ఆ సమీకరణాన్ని సాధించడానికి, ఎంత వంకర గీతనైనా సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చని చెప్పారు.

1807లో ఈ పరిశోధనను పారిస్‌లోని పండిత సంస్థకు పంపితే లగ్రాంజ్ వంటి మహామహులు ఒప్పుకోలేదు. 1812లో బహుమతి ఇచ్చారు గానీ, నిరూపణలో లోపాలున్నాయని ప్రచురించలేదు. చివరకు 1822లో అది పుస్తకంగా వచ్చింది. అంటే పదిహేనేళ్ల ఎదురుచూపు! 1830 మే 16న ఆయన పారిస్‌లో కన్నుమూశారు. నేడు సెల్‌ఫోన్‌లో మాటలు, ఆసుపత్రిలో ఎమ్మారై బొమ్మలు ఆయన తరంగాల లెక్క మీదే నడుస్తున్నాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఎమ్మెస్సీలో ఈ సమీకరణాన్ని బోర్డు మీద చూసి భయపడ్డాను. అది మన గరిటె గురించేనని తెలిశాక భయం పోయింది. తమ్ముళ్లారా, పుస్తకంలో లెక్క అర్థం కాకపోతే అది ఏ వస్తువు గురించి చెబుతోందో ముందు అడగండి. ఫోరియర్ మనకు నేర్పిన పాఠం ఇదే.