కొలువు వదిలి కెమెరా పట్టిన ఇంజనీరు



ఇంజనీరింగ్ చదివి, సర్కారు కొలువు కూడా వచ్చాక మీ అమ్మాయో అబ్బాయో కెమెరా కోసం దాన్ని వదిలేస్తానంటే మీరేమంటారు? లాలా దీన్‌దయాళ్ అదే చేశారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదువుకుని, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అక్కడ సరదాగా మొదలైన ఫొటోగ్రఫీయే ఆయన్ని మన సికింద్రాబాద్‌కు తెచ్చింది. ఇక్కడ స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించి, రాజా బిరుదు ఇచ్చారు.

రాజుల ఫొటోలు సరే, నాకు మరీ నచ్చేది ఇంకొకటి. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. బయటి మగవాళ్ల కంటపడని ఇల్లాళ్లు కూడా అలా ఫొటో దిగగలిగారు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. వాటితో ప్రదర్శనలు కూడా జరిగాయి. అలాంటిది మళ్లీ పెడితే పిల్లల్ని తీసుకెళ్లండి. అందరూ ఎందుకంత బిగుసుకుని కూర్చున్నారని వాళ్లు తప్పక అడుగుతారు. కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోయే రోజులని చెప్పండి.