దేశప్రియ దంపతులు

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో సీమకు వెళ్ళి బారిస్టరు పట్టాతో తిరిగివచ్చిన భారతీయ యువకులు అనేకులు. పట్టాతోబాటు ఆంగ్లేయ యువతిని ఇల్లాలిగా వెంటబెట్టుకొని వచ్చినవారు కొద్దిమంది. పాలకజాతి పిల్ల పాలితుల యింట కోడలు కావడం ఆ జాతివారికి నామోషీ. ఇక్కడి వృద్ధులకు ఆచారభంగం. ఈ రెండు నిరసనలనూ ఎరిగి ఆ సాహసానికి పూనుకొన్న జంట జతీంద్రమోహన్ సేన్‌గుప్తా, నెల్లీ.

జతీంద్రమోహనుడు 1885 ఫిబ్రవరి 22న చిట్టగాంగు జిల్లా బరమా గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి జాత్రామోహనుడు పేరుమోసిన న్యాయవాది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1904లో జతీంద్రుడు ఇంగ్లండుకు పయనమై, కేంబ్రిడ్జిలోని డౌనింగు కళాశాలలో చేరాడు. ఆ పట్టణంలోనే ఆయనకు నెల్లీ గ్రే పరిచయమైంది. ఆమె ఆయనకంటె ఒక్క యేడు చిన్నది. కన్నవారు వలదన్నా ఆమె మనసు మార్చుకోలేదు. 1909లో వివాహం జరిగింది. ఆ సంవత్సరమే దంపతులు భారతదేశం చేరుకొన్నారు.

వేరు కాపురం పెట్టి, దొరల బంగళాలలో పొద్దుపుచ్చే అవకాశం ఆమెకు లేకపోలేదు. ఆమె అత్తవారి ఉమ్మడి కుటుంబంలోనే అడుగుపెట్టింది. భాష రాదు, ఆచారాలు కొత్త, పలకరించే బంధుజనం లెక్కకు మిక్కిలి. ఆ తొలిదినాల సంగతులు చరిత్రకారులు అట్టే వ్రాయలేదు. వ్రాయదగిన వీరత్వం అందులోనూ ఉన్నది.

కలకత్తా హైకోర్టులో జతీంద్రమోహనుని వృత్తి వర్ధిల్లింది. అంతలో 1921 వచ్చింది. సహాయనిరాకరణోద్యమంలో ఆయన ఆ సంపాదనను వదలుకొన్నాడు. అస్సాము తేయాకు తోటల కూలీలు బాధలు పడలేక స్వస్థలాలకు మరలిపోతుండగా చాంద్‌పూరు స్టేషనులో గూర్ఖా సిపాయిలు వారిపై విరుచుకుపడ్డారు. దానికి నిరసనగా అస్సాము-బెంగాలు రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మెకు నాయకుడు జతీంద్రుడే. పని మానిన కార్మికుల పిల్లల కడుపులు నిండాలి గదా! అందుకై ఆయన అప్పులు చేశాడు. ఇంటి యజమాని రాబడి మాని అప్పులపాలైతే ఆ బరువు మోయవలసినది ఇల్లాలు. నెల్లీ దానిని మోయడమే గాక, నిషేధాన్ని ధిక్కరించి చిట్టగాంగులో ఖద్దరు అమ్మి అరెస్టయింది. పట్టుకొన్న ప్రభుత్వం ఆమె పుట్టినింటివారిదే.

1925లో చిత్తరంజన్‌దాసు మరణించగా స్వరాజ్యపక్ష నాయకత్వం, రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షత, కలకత్తా మేయరు పదవి మూడూ జతీంద్రుని వరించాయి. అయిదు పర్యాయాలు ఆయన మేయరుగా ఎన్నికయ్యాడు. సుభాస్‌చంద్రబోసు పక్షానికీ ఈయన పక్షానికీ నడచిన పోరు వంగదేశానికి మేలు చేయలేదన్నది కూడ చెప్పవలసిన మాటే. అయినా ప్రజలు ఆయనను దేశప్రియ అనే పిలిచారు.

శాసనోల్లంఘన కాలంలో, 1930-31లలో, భార్యాభర్తలిద్దరూ చెరసాలల వెంట తిరిగారు. ఢిల్లీలో నిషిద్ధసభలో ప్రసంగించినందుకు నెల్లీకి నాలుగు నెలల శిక్ష పడింది. 1931లో ఇంగ్లండు వెళ్ళిన జతీంద్రుడు 1932 జనవరిలో తిరిగివచ్చేసరికి, బొంబాయిలో కాలు మోపకముందే పోలీసులు నిర్బంధించారు. ఒకనాడు నవవధువుతో స్వదేశానికి తెచ్చిన సముద్రమే ఈసారి ఆయనను చెరకు అప్పగించింది.

ఆయన నిర్బంధంలో ఉండగానే 1933లో కలకత్తా కాంగ్రెసు సమావేశం వచ్చింది. ప్రభుత్వం దానిని నిషేధించింది. అధ్యక్షుడుగా ఎన్నికైన మదనమోహన మాలవీయను దారిలోనే పట్టుకొన్నారు. ఆ స్థానంలో నెల్లీ నిలబడి, లాఠీల నడుమ ప్రసంగం మొదలుపెట్టి అరెస్టయింది. అనీబిసెంటు, సరోజినీనాయుడుల తరువాత కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన స్త్రీ ఆమెయే. కొద్ది మాసాలకే, ఆ జూలైలో, రాంచీలో నిర్బంధితుడుగానే జతీంద్రమోహనుడు కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 48 ఏండ్లు.

ఎవరి చేయి పట్టుకొని వచ్చినదో ఆయనే లేనప్పుడు నెల్లీ కేంబ్రిడ్జికి మరలిపోయి ఉంటే తప్పు పట్టేవారుండరు. ఆమె పోలేదు. కలకత్తా కార్పొరేషనులో, వంగ శాసనసభలో పనిచేసింది. 1947లో దేశం చీలి చిట్టగాంగు పాకిస్తాను భాగానికి పోయింది. హిందువులు అనేకులు ఇల్లూవాకిలీ విడిచి ఇటు వస్తుంటే, ఆమె భర్త ఊరినే అంటిపెట్టుకొని ఉండిపోయింది. 1954లో తూర్పు పాకిస్తాను శాసనసభకు ఆమె పోటీ లేకుండా ఎన్నికైంది.

1971 యుద్ధం ముగిసి బంగ్లాదేశ్ అవతరించిన పిమ్మట, 1972లో చికిత్సకై ఆమెను కలకత్తాకు తీసుకొనివచ్చారు. మరుసటి యేడు భారత ప్రభుత్వం పద్మవిభూషణ బిరుదం ఇచ్చింది. ఆ అక్టోబరులోనే, 87వ యేట, తన భర్త మేయరుగా ఏలిన నగరంలో ఆమె తనువు చాలించింది.