కాలువ వంతెన మీద సీతమ్మగారి పేరు

ఎనిమిదో తరగతిలో ఉండగా మన సోషల్ మాస్టారు మమ్మల్ని సైకిళ్ల మీద గన్నవరం అక్విడెక్టు చూడటానికి తీసుకెళ్లారు. ఏటిగట్టు మీద నిలబెట్టి ఖానాలు లెక్కపెట్టమన్నారు. నేను 47 అన్నాను, పక్కవాడు 50 అన్నాడు. మాస్టారు నవ్వి 49 అని తేల్చారు. కింద వైనతేయ పారుతోంది, దాని నెత్తి మీదుగా కాలువ పారుతోంది. పెద్దయ్యాక ఇంజనీరు కావాలని నాకు అనిపించింది ఆ రోజే.

ఆ తర్వాత చాలా ఏళ్లకు పాత కట్టడం పక్కనే కొత్త అక్విడెక్టు లేచింది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు నచ్చలేదు. ఇంజనీర్లు కట్టిన దానికి ఇంజనీరు పేరు పెట్టాలి గాని, వంటింట్లో బతికిన ఇల్లాలి పేరెందుకని వాదించాను. ఆ వాదన ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ సంచికకు రాయమన్నప్పుడు ముందుగా అదే గుర్తొచ్చింది.

మన సీమ సంగతి మనకు తెలిసిందే. ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దక్షిణాన సముద్రం. ఎటు వెళ్లాలన్నా నీళ్లు దాటాలి. ఊళ్ల పేర్లు కూడా ఆ నీళ్లే పెట్టాయి. నది మధ్య మేట వేసిన నేల లంక. పెదపూడిలంక, బూరుగులంక అలా వచ్చినవే. యానానికి ఎదురుగా ఉన్నది ఎదుర్లంక. వైనతేయ సముద్రంలో కలిసేచోట ఉన్నది ఓడలరేవు. వినత కొడుకు గరుత్మంతుడు వైనతేయుడు, ఆయన పేరే మన ఏటికి వచ్చింది. సీతమ్మగారు కాపురానికి వచ్చిన ఊరు లంకల గన్నవరం.

ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. వచ్చినవాళ్లందరికీ బువ్వ పెట్టే మనిషి కాబట్టి తండ్రిని ఊళ్లో బువ్వన్న అనేవారట. తల్లి పోయాక ఆ ఇంటి వంట, వడ్డన చిన్నవయసులోనే ఆమె చేతికి వచ్చాయి. ఒకనాడు లంకల గన్నవరం నుంచి డొక్కా జోగన్నగారు ఆ దారిన వెళుతూ మధ్యాహ్న వేళకు వాళ్లింట భోజనం చేశారు. ఆయన భూవసతి ఉన్న రైతు, పండితుడు. ఆ పిల్ల ఆదరణ చూసి పెళ్లి చేసుకుంటానని అడిగారు. అలా ఆమె మన సీమ కోడలయ్యారు.

ఆ రోజుల్లో లంకల గన్నవరం దారి అంటే రేవు దారి. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు, పెళ్లివారు, ఊరూరూ తిరిగే బీదలు పడవ కోసం కాచుకోవాలి. గాలి ఎదురైతే పొద్దు గూకేదాకా పడవ కదలదు. హోటలనేది లేదు. ఆకలి వేసేది సరిగ్గా ఆ రేవుల దగ్గరే. సీతమ్మగారి పొయ్యి ఆరకుండా ఉన్నది ఇందుకే. పగలైనా, అర్ధరాత్రయినా, ఏ కులంవాళ్లయినా సరే, గడపలోకి వచ్చినవారికి విస్తరి వేసేవారు. భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీద ఉండి సాగించిన పని ఇది. ఉన్న పొలం పుట్రా కరిగిపోతున్నా పొయ్యి మాత్రం ఆరలేదని పెద్దలు చెప్పేవారు.

ఒకసారి ఆమెకు అంతర్వేది నరసింహస్వామిని చూడాలనిపించి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు అలసటకు పల్లకీ దించారు. అదే చోట ఒక పెళ్లివారి గుంపు ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మగారి ఊరు చేరతామని పెద్దవాళ్లు బుజ్జగిస్తున్నారు. లోపలున్న ఆమె ఆ మాటలు విని, పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఆ రోజు స్వామి దర్శనం కాలేదు. ఆమె మీద చెప్పుకునే కథలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే.

ఆమె పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం సందర్భంగా ఆమెకు ప్రభుత్వం నుంచి ఆహ్వానం వచ్చింది. ఆమె వెళ్లలేదు. వెళితే ఆ నాలుగు రోజులూ వచ్చేవాళ్లకు అన్నం ఎవరు పెడతారన్నది ఆమె బెంగ. చివరికి ఆమె ఫొటో తీయించి పంపించారని, దాన్ని ఉత్సవంలో కుర్చీ మీద ఉంచి గౌరవించారని చెబుతారు. ఫొటో దిగడం కూడా ఆమెకు ఇష్టం లేదట. 1909లో కన్నుమూశారు.

ఇక అక్విడెక్టు సంగతి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. నీళ్లు మధ్య డెల్టా దాకా వచ్చినా, అవతల ఉన్న నగరం దీవికి చేరాలంటే వైనతేయ అడ్డం. కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే యువ అధికారి ఆ నది మీద 49 ఖానాల కట్టడం లేపి కాలువను దాటించాడు. ఒక్కో ఖానా వెడల్పు 40 అడుగులు. అప్పటికి సీతమ్మగారు పదకొండేళ్ల పిల్ల. ఆనకట్ట నీళ్లే డెల్టా గాదెలు నింపాయి. కాని గాదెలో ధాన్యం ఉన్నంత మాత్రాన రేవులో ఉన్నవాడి ఆకలి తీరదు. మధ్యలో ఎవరో ఒకరు వండి పెట్టాలి. కాలువ పొలం దాకా తెచ్చింది, సీతమ్మగారు విస్తరి దాకా తెచ్చారు.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. 1986 ఆగస్టు వరదలో మా లంక మునిగినప్పుడు మేం మన బడి మేడ మీద తలదాచుకున్నాం. రెండో రోజు సాయంత్రం పడవలో పులిహోర పొట్లాలు వచ్చాయి. ఎవరు వండారో, ఏ ఊరినుంచి వచ్చాయో ఇప్పటికీ తెలియదు. ఆ పొట్లం రుచి తెలిసి కూడా, తర్వాత ఉద్యోగంలో చేరి అలా వాదించినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. నదికి అడ్డంగా నీళ్లను దాటించిన కట్టడానికి, అదే నది దాటేవాళ్లకు అన్నం పెట్టిన తల్లి పేరు సరిగ్గానే సరిపోయింది.

ఇప్పుడు మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే ఉంది. మిత్రులకు నా మనవి ఒక్కటే. స్వర్ణోత్సవం రోజున మనమంతా భోజనాలకు కూర్చునే ముందు, మొదటి బంతి ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లలది కావాలి. వడ్డన మనం చేద్దాం.