గొంతు పోయిన కవి, మాట పోయిన మనిషి



దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పేరు వినని తెలుగువారు అరుదు. 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. కాకినాడలో అధ్యాపకులుగా పనిచేశారు. 'కృష్ణపక్షం'తో భావకవిత్వానికి పెద్దదిక్కయ్యారు. మన మతస్థులు కారు, బ్రాహ్మసమాజం వైపు మొగ్గినవారు. అయినా దేవుని గూర్చి ఆయన వ్రాసిన గీతాలు మనసును తాకుతాయి. 1951లో 'మల్లీశ్వరి' పాటలు ఆయనవే. అన్నింటికీ మించి ఆయన మంచి వక్త.

అటువంటి మనిషికి 1963లో గొంతు క్యాన్సర్ వల్ల స్వరం పోయింది. ఆ తరువాత దాదాపు పదిహేడేళ్ళు బ్రతికారు. చెప్పదలచింది కాగితం మీద వ్రాసి చూపేవారు. పాటలు మాత్రం ఆగలేదు. 'ఏకవీర', 'అమెరికా అమ్మాయి' చిత్రాలకు వ్రాసినవి ఆ మౌనంలోనివే. 1976లో పద్మభూషణ్ వచ్చింది. 1980లో కన్నుమూశారు. రెండేళ్ళకు 'మేఘసందేశం'లో ఆయన పాటలు మళ్ళీ వినిపించాయి.

ఈయన కథ ఇప్పుడెందుకంటారా? మన మహబూబ్‌నగర్ పల్లెల్లో పక్షవాతంతో మాట పడిపోయిన వారిని చూసి, మతి పోయిందని తేల్చేస్తున్నాం. కృష్ణశాస్త్రిగారికి పోయింది స్వరం. మెదడులోని భాష చెక్కుచెదరలేదు, కనుకనే కలం నడిచింది. పక్షవాతం మెదడు ఎడమవైపున దెబ్బతీస్తే పోయేది తరచు ఆ భాషే. వైద్యులు దీనిని అఫేసియా అంటారు. గొంతు బాగానే ఉంటుంది, మాట దొరకదు. నీళ్ళు అడగబోతే వేరే మాట వస్తుంది. జకర్యాకు ఇచ్చినట్టు పలక ఇస్తే సరిపోదు, చాలామందికి వ్రాత కూడా చెడుతుంది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుని దగ్గర ఒక రోగి ఉండేవాడు. ఏమడిగినా ఒకే ఒక్క శబ్దం పలికేవాడు, కాని చెప్పింది చాలావరకు గ్రహించేవాడు. అతడు చనిపోయాక మెదడును పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. కొందరికి ఎదుటివారి మాట అర్థం కావడమూ కష్టమే. అయినా రోగి మంచం పక్కనే కూర్చొని పొలం పంపకాలు మాట్లాడుకునేవారు, అతనికి ఏమీ తెలియదని ఎలా అనుకుంటారో!

ఇంకొక సంగతి. సొంతంగా ఒక్క వాక్యం కూర్చలేనివారు కూడా కొందరు, మనం మొదలుపెడితే పరలోకజపం చివరిదాకా చెప్పగలరు, పాత కీర్తన పాడగలరు. కంఠస్థమైనది వేరే దారిన వస్తుంది. పాపసంకీర్తనం నోటితోనే చేయాలని లేదు. తల ఊపినా, చేయి నొక్కినా, సైగ చేసినా చాలు, తిరుసభ దానిని అంగీకరిస్తుంది. మాట లేదు కదా అని గురువును పిలవకుండా మానకండి. స్పృహ ఉండగానే కబురు పంపండి.