విశాఖలో ఆకాశం లెక్కలు రాసిన ఇల్లు

అబిడ్స్‌లో నాలుగు చీరలు కొనుక్కుని, సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ ఊళ్లో డాబా గార్డెన్స్ పేరు మీరూ వినే ఉంటారు. ఇప్పుడక్కడంతా షాపులూ, ఆటోలూ. కానీ 1840లో అక్కడో జమీందారు తన సొంత డబ్బుతో వేధశాల కట్టించారంటే నమ్ముతారా? ఆయనే గోడే వెంకట జగ్గారావు.

1817లో కలిగినింట పుట్టిన ఆయన కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు. అలా చెయ్యలేదు. మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధికారి టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు.

అప్పట్లో శాస్త్రవేత్తలందరి ధ్యాసా దిక్సూచి మీదే. దాని ముల్లు అచ్చంగా ఉత్తరాన్నే చూపించదు. చోటుని బట్టీ, కాలాన్ని బట్టీ కాస్త అటూ ఇటూ జరుగుతుంది. ఎందుకో తేలాలంటే ప్రపంచమంతా కొలవాలి. 1837లో టేలర్ దక్షిణాదిలో తిరిగి భూమి అయస్కాంత శక్తిని కొలిచారు. తర్వాత నాలుగేళ్లలో టొరంటో నుంచి సింగపూర్ దాకా అందుకోసమే వేధశాలలు వెలిశాయి.

అలాంటి రోజుల్లో జగ్గారావుగారు విశాఖ తిరిగొచ్చి టెలిస్కోపు బిగించారు. కానీ 1856లో, నలభై నిండకుండానే కన్నుమూశారు. ఇక ఆ టెలిస్కోపు అటకెక్కడమే అనుకుంటాం కదా? ఎక్కలేదు. కూతురు అచ్చయ్యమ్మ భర్త అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదులుకుని మామగారి పని అందుకున్నారు. 1868 సూర్యగ్రహణాన్నీ, 1874లో సూర్యుడి మీదుగా సాగిన శుక్రుడినీ అక్కడినుంచే చూశారు.

వాటికన్నా నాకు గొప్పగా తోచేది ఆయన రాయించిన వాతావరణం లెక్కలు. 1864 నవంబరు 1న ఉప్పెన బందరుని ముంచేసింది. దాదాపు 30 వేలమంది పోయారు. ముందుగా హెచ్చరించే ఏర్పాటే లేదు. బారోమీటర్‌లో పాదరసం గబగబా దిగుతోందంటే తుపాను దగ్గరపడుతున్నట్టు. అయితే మామూలు రోజుల్లో అది ఎంతుంటుందో ఏళ్లతరబడి రాసిపెట్టుకుంటేనే ఆ తేడా తెలిసేది. క్యాలెండర్ మీద పాల లెక్క రాసుకునే మనకి ఈ సంగతి వేరే చెప్పాలా? నాలుగు రోజులు రాయడం మానేస్తే నెలాఖర్లో ఏం తేలుతుంది! దేశానికి వాతావరణ శాఖ వచ్చింది 1875లో. అలాంటి కాలంలో డాబా గార్డెన్స్‌లో గాలి, వాన, వేడి లెక్కలు రాయించి అచ్చు వేయించారు.

1892లో నరసింగరావుగారూ పోయారు. అప్పుడు వేధశాల బాధ్యత అచ్చయ్యమ్మగారిమీద పడింది. ఆ వేధశాల ఇప్పుడు లేదు. దాని కథ చెప్పేటప్పుడు తండ్రి టెలిస్కోపు గురించి, భర్త గ్రహణాల గురించి చెప్పుకుంటాం. ఆ ఇద్దరి తర్వాతా దాని బరువు మోసిన అచ్చయ్యమ్మగారి పేరు కూడా ఆ వరసలో చేర్చి చెబుదామా?